పిన్ను పట్టినంత మాత్రాన సరిపోదు: చిన్న పరికరాలకు సరైన అడాప్టర్ ఎంచుకునే విధానం

విజయవాడలోనైనా గుంటూరులోనైనా ఈ రోజుల్లో ఏ ఇంట్లో టీవీ బల్ల వెనక చెయ్యి పెట్టినా నాలుగైదు నల్లటి అడాప్టర్లు తగులుతాయి. ఇంటర్నెట్ రూటర్‌ది ఒకటి, సెట్‌టాప్ బాక్సుది ఒకటి, పెద్దవాళ్ల బీపీ యంత్రానిది ఒకటి, పిల్లలు నేర్చుకునే కీబోర్డుది ఒకటి, ఎప్పుడో పాడైపోయిన పరికరం వదిలి వెళ్లినది మరొకటి. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, చాలావాటి పిన్నులు ఒకదాని చోట మరొకటి ఇబ్బంది లేకుండా దూరిపోతాయి. ఒకదాని అడాప్టర్ కనిపించనప్పుడు పక్కనున్నది తీసి పెట్టడం, పరికరం ఒక్కసారి వెలిగి ఆరిపోవడం, ఆ తరువాత సరైన అడాప్టర్ దొరికినా ఇక పలకకపోవడం చాలా ఇళ్లలో జరుగుతూనే ఉంది. ఇలా పోయిన వస్తువుకు సాధారణంగా వారంటీ కూడా వర్తించదు. కాబట్టి అడాప్టర్ మార్చే ముందు ఏమేమి చూడాలో, ఏ వరుసలో చూడాలో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. దీనికి ఎలక్ట్రానిక్స్ చదివి ఉండనక్కరలేదు. చీటీ మీది అంకెలు జాగ్రత్తగా చదివే ఓపిక ఉంటే చాలు.

ముందు పరికరం మీది చీటీ చదవండి

చాలామంది అడాప్టర్ మీది అక్షరాలు చూసి నిర్ణయానికి వస్తారు. అసలు చూడవలసింది పరికరానికి ఏమి కావాలన్నది. పరికరాన్ని తిరగేస్తే అడుగున గానీ, పిన్ను దూర్చే రంధ్రం పక్కన గానీ, బ్యాటరీ మూత లోపల గానీ ఆ వివరం ముద్రించి ఉంటుంది. అక్షరాలు మరీ సన్నగా ఉంటే ఫోన్ కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. నల్ల ప్లాస్టిక్ మీద నల్లగానే అచ్చుపోసిన అక్షరాలను పక్కనుంచి టార్చి వేసి చదవవచ్చు. అక్కడ మీకు కావలసినవి నాలుగు విషయాలు: ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు, డీసీ కరెంటా (ఒకే దిశలో పారేది) ఏసీ కరెంటా (దిశ మారుతూ ఉండేది), పిన్ను మధ్యభాగం ప్లస్సా మైనస్సా.

తరువాత అడాప్టర్ తీసుకోండి. దాని చీటీ మీద రెండు వరుసలుంటాయి. ఇన్‌పుట్ అని ఉన్నది గోడ ప్లగ్గునుంచి లోపలికి వెళ్లే కరెంటు గురించి, అవుట్‌పుట్ అని ఉన్నది పరికరానికి వచ్చే కరెంటు గురించి చెబుతుంది. పరికరంతో పోల్చవలసింది అవుట్‌పుట్ వరుసనే. వోల్టుల అంకె పక్కన ఒక నిండు గీత, దాని కింద ముక్కలుగా తెగిన గీత ఉంటే అది డీసీ. అల ఆకారంలో వంకర గీత ఉంటే అది ఏసీ. అడాప్టర్లలో అత్యధికం డీసీ ఇచ్చేవే అయినా, కొన్ని పాత మోడెమ్‌లకు, కొన్ని సంగీత పరికరాలకు ఏసీ ఇచ్చే అడాప్టర్లు ఉన్నాయి. డీసీ కోరే పరికరానికి ఏసీ అడాప్టర్ పెడితే, వోల్టులు సరిగ్గా సరిపోయినా బోర్డు పాడవుతుంది.

వోల్టులు సమానంగా ఉండాలి

ఇందులో సర్దుబాటుకు చోటు లేదు. 12 వోల్టుల పరికరానికి 12 వోల్టులు, 9 వోల్టుల దానికి 9 వోల్టులు, 5 వోల్టుల దానికి 5 వోల్టులే ఇవ్వాలి. ల్యాప్‌టాప్‌లలో 19 కోరేచోట 19.5 వస్తే సాధారణంగా ఇబ్బంది ఉండదు గానీ, ఆ వెసులుబాటును చిన్న పరికరాలకు అన్వయించకండి.

ఎక్కువ వోల్టులు పెడితే లోపల ఏమి జరుగుతుందో తెలిస్తే ఈ జాగ్రత్త ఎందుకో అర్థమవుతుంది. కరెంటు పరికరంలోకి రాగానే మొదట ఎదురయ్యేది కెపాసిటర్, అంటే కరెంటును కాసేపు నిల్వ ఉంచే చిన్న భాగం. 12 వోల్టుల పరికరాల్లో ఇది తరచుగా 16 వోల్టుల వరకే తట్టుకునే రకం. దాని మీద ల్యాప్‌టాప్ చార్జర్ నుంచి 19 వోల్టులు పడితే అది వేడెక్కి, పైభాగం ఉబ్బి, ఒక్కోసారి చిట్లిపోతుంది. దాని తరువాత ఉండేది వోల్టేజిని తగ్గించి చిప్పులకు అందించే భాగం. పాతకాలపు పద్ధతిలో తయారైన పరికరాల్లో ఈ భాగం అదనపు వోల్టులను వేడిగా మార్చి వదిలించుకుంటుంది. లెక్క చూడండి: 9 వోల్టులు తీసుకుని 5 వోల్టులుగా మార్చే పరికరం అర ఆంపియరు వాడుతుంటే, మిగిలిన 4 వోల్టుల వల్ల పుట్టే వేడి 2 వాట్లు. అదే పరికరానికి 19 వోల్టులు ఇస్తే మిగులు 14 వోల్టులు, వేడి 7 వాట్లు. వేలిగోరంత చిప్పు 7 వాట్ల వేడిని భరించలేదు. కొత్త తరహా పరికరాల్లో ఈ వేడి సమస్య తక్కువే అయినా, ఆ చిప్పులు తట్టుకోగల గరిష్ఠ వోల్టేజికి ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటిన క్షణంలోనే అవి లోపల షార్టయిపోతాయి, ఒక్కోసారి వాటి వెనకనున్న ప్రాసెసర్‌ను కూడా తీసుకుపోతాయి.

తక్కువ వోల్టులు పెడితే వెంటనే కాలిపోయే ప్రమాదం తక్కువ, కానీ అది క్షేమమని అనుకోకూడదు. రూటర్ లైట్లు వెలుగుతాయి, పని చేస్తున్నట్టే ఉంటుంది, కాసేపటికోసారి తనంతట తాను ఆగి మళ్లీ మొదలవుతుంది. నెట్ సరిగా రావడం లేదని ఇంటర్నెట్ కంపెనీకి ఫిర్యాదు చేసే ముందు, అడాప్టర్ మారిందేమో ఒకసారి చూసుకోవడం మంచిది. హార్డ్‌డిస్కు విషయంలో ఇది ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే రాస్తున్న మధ్యలో శక్తి చాలక ఆగిపోతే అందులోని ఫైళ్లు చెడిపోవచ్చు.

ప్లస్, మైనస్ ఎటున్నాయో చూడండి

అందరూ వదిలేసే విషయం ఇదే. గుండ్రటి పిన్నుకు లోపలి గొట్టం ఒక ధ్రువం, బయటి గొట్టం మరొక ధ్రువం. చీటీ మీద ఒక చిన్న బొమ్మ ఉంటుంది: మధ్యలో నల్ల చుక్క, దాని చుట్టూ ఒకవైపు తెరిచిన వలయం, ఇరుపక్కలా ప్లస్, మైనస్ గుర్తులు. మధ్యచుక్కనుంచి బయలుదేరిన గీత ప్లస్ దగ్గరికి వెళితే లోపలి భాగం ప్లస్, మైనస్ దగ్గరికి వెళితే లోపలి భాగం మైనస్. పరికరం మీది బొమ్మ, అడాప్టర్ మీది బొమ్మ ఒకేలా ఉండాలి.

రూటర్లు, సెట్‌టాప్ బాక్సులు, సీసీటీవీ కెమెరాలు దాదాపు అన్నీ లోపల ప్లస్ ఉన్నవే కావడంతో అన్నీ అలాగే ఉంటాయన్న ధీమా ఏర్పడుతుంది. సంగీత పరికరాల దగ్గరికి వచ్చేసరికి ఈ ధీమా దెబ్బతీస్తుంది. గిటారుకు వాడే ఎఫెక్ట్ పెడళ్లలో 9 వోల్టులు, లోపల మైనస్ ఉండటం ఎప్పటినుంచో వస్తున్న పద్ధతి. కాసియో పాత కీబోర్డులు చాలావరకు 9 వోల్టులు, లోపల మైనస్. అదే కంపెనీ తరువాతి కీబోర్డులు అనేకం 9.5 వోల్టులు, లోపల ప్లస్. అన్నయ్య వాడిన పాత కీబోర్డు అడాప్టర్‌ను చెల్లెలి కొత్త కీబోర్డుకు పెట్టాలనుకునే ఇంట్లో, కంపెనీ ఒకటే, వోల్టులూ ఇంచుమించు ఒకటే కదా అని భరోసా పడటానికి అన్ని కారణాలూ ఉంటాయి. అయినా ధ్రువాలు తారుమారు. లోపల రక్షణగా డయోడు (కరెంటును ఒకే దిశలో పోనిచ్చే చిన్న భాగం) ఉంటే పరికరం ఊరికే పలకకుండా ఉంటుంది, లేదా ఫ్యూజు పోతుంది. ఆ రక్షణ లేకపోతే చిప్పులు ఎదురు కరెంటుకు కాలిపోతాయి. మీ పరికరంలో ఏది ఉందో బయటినుంచి తెలియదు కాబట్టి, పెట్టి చూద్దాం అన్న ఆలోచనే వద్దు.

ఆంపియర్లు సమానం గానీ, ఎక్కువ గానీ

వోల్టుల విషయంలో నియమం ఎంత కఠినమో ఆంపియర్ల విషయంలో అంత సులువు. పరికరం 1 ఆంపియరు కోరితే అడాప్టర్ 1 ఆంపియరు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఇవ్వగలిగి ఉండాలి. 2 ఆంపియర్ల అడాప్టర్ పెడితే పరికరం కాలిపోతుందన్న భయం చాలామందికి ఉంది, అది నిజం కాదు. చెరువులో ఎంత నీరున్నా మనం ముంచుకునేది మన బిందెకు పట్టినంతే. పరికరం కూడా తనకు కావలసినంత కరెంటే తీసుకుంటుంది. మిల్లీ ఆంపియర్లలో రాసి ఉంటే 1000 మిల్లీ ఆంపియర్లు 1 ఆంపియరని గుర్తుంచుకోండి.

తక్కువ ఆంపియర్ల అడాప్టర్ పెడితే మాత్రం భారం అడాప్టర్ మీద పడుతుంది. అది సలసల కాగుతుంది, వోల్టులు పడిపోతాయి, రక్షణ సరిగా లేని చౌక రకమైతే ప్లాస్టిక్ కరిగేదాకా వస్తుంది. మన ఊళ్లలో ఏప్రిల్, మే నెలల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది, గాలి ఆడని టీవీ బల్ల వెనక అది ఇంకా ఎక్కువ. అందువల్ల పరికరానికి కావలసినదానికంటే నాలుగోవంతైనా ఎక్కువ ఇవ్వగల అడాప్టర్‌ను ఎంచుకోమని నా సలహా. 1 ఆంపియరు రూటర్‌కు ఒకటిన్నర ఆంపియర్ల అడాప్టర్ వేసవిలో నిశ్చింతగా పనిచేస్తుంది.

ఈ సులువైన నియమానికి మినహాయింపులు ఉన్నాయి. కొన్ని చౌక ట్రిమ్మర్లలో, రీచార్జి లైట్లలో, బొమ్మ కార్లలో బ్యాటరీని అదుపు చేసే సర్క్యూటే ఉండదు. అడాప్టర్ బలహీనంగా ఉండటమే అక్కడ అదుపు. వాటికి గట్టి అడాప్టర్ పెడితే బ్యాటరీ వేడెక్కి చెడిపోతుంది. ఇలాంటి వాటికి వాటితో వచ్చిన అడాప్టరే వాడండి, అది పోతే అదే రకం తెప్పించుకోండి. ఎల్ఈడీ దీపాలకు కరెంటు అందించే డ్రైవర్లనే డబ్బాల్లో వోల్టులకు బదులు ఆంపియర్లు స్థిరంగా ఉండే రకం ఉంది, వాటిని ఏ పరికరానికీ అడాప్టర్‌గా వాడకూడదు.

పిన్ను కొలతను నమ్ముకోకండి

ఎక్కువ పరికరాల్లో వాడే గుండ్రటి పిన్ను బయటి వ్యాసం 5.5 మిల్లీమీటర్లు. లోపలి రంధ్రం మాత్రం రెండు కొలతల్లో వస్తుంది, 2.1, 2.5 మిల్లీమీటర్లు. రూటర్లకు, కెమెరాలకు 2.1 సాధారణం, కొన్ని ల్యాప్‌టాప్‌ల 19 వోల్టుల చార్జర్లకు 2.5 ఉంటుంది. 2.5 రంధ్రమున్న పిన్ను 2.1 జాక్‌లోకి కొంచెం వదులుగా దూరిపోతుంది. అంటే ల్యాప్‌టాప్ చార్జర్ రూటర్‌లోకి దూరడాన్ని ఆపేది ఏదీ లేదు. పిన్ను వదులుగా కదులుతున్నా, నెట్టి పట్టుకుంటే తప్ప లైటు వెలగకపోయినా, అది ఆ పరికరానిది కాదని అర్థం.

ఇక 3, 4.5, 6, 7.5, 9, 12 వోల్టులకు మార్చుకునే మీట ఉన్న సార్వత్రిక అడాప్టర్లు. వీటిని నేను ఎవరికీ సిఫారసు చేయను. మీట పొరపాటున జరిగిపోతుంది, మార్చి పెట్టుకునే పిన్నును తిప్పి పెడితే ధ్రువాలు తారుమారవుతాయి. తప్పనిసరైతే మీట మీద టేపు అంటించి, పరికరానికి పెట్టే ముందు ప్రతిసారీ కింద చెప్పిన మల్టీమీటర్‌తో కొలవండి.

మల్టీమీటర్‌తో కొలిచే పద్ధతి

చీటీ చెరిగిపోయిన అడాప్టర్లకు ఇదొక్కటే మార్గం. చిన్న డిజిటల్ మల్టీమీటర్ విజయవాడ గవర్నర్‌పేటలోనో, మీ ఊళ్లో ఎలక్ట్రికల్ సామాన్లు అమ్మే ఏ దుకాణంలోనో కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. నల్ల తీగను కామ్ అని రాసిన రంధ్రంలో, ఎర్ర తీగను వోల్టుల రంధ్రంలో పెట్టండి. 10 ఆంపియర్లని రాసిన రంధ్రంలో ఎర్ర తీగ ఉంటే కొలిచేటప్పుడు అడాప్టర్ షార్టవుతుంది, కాబట్టి ఇది రెండుసార్లు సరిచూసుకోండి. మీట డీసీ 20 వోల్టుల దగ్గర ఉంచండి. ల్యాప్‌టాప్ చార్జరైతే 200 దగ్గర ఉంచండి. అడాప్టర్‌ను ప్లగ్గులో పెట్టి స్విచ్చి వేసి, ఎర్ర మొనను పిన్ను లోపలి రంధ్రంలోకి, నల్ల మొనను బయటి గొట్టానికి ఆనించండి. రెండు మొనలు ఒకదానికొకటి తగలకూడదు. అంకె ముందు ఏ గుర్తూ లేకుండా వస్తే లోపల ప్లస్. మైనస్ గుర్తుతో వస్తే లోపల మైనస్. డీసీలో ఇంచుమించు సున్నా చూపి, మీట ఏసీకి మార్చగానే అంకె వస్తే అది ఏసీ అడాప్టర్.

చేతికి బరువుగా, లోపల ఇనుప ట్రాన్స్‌ఫార్మర్‌తో ఉండే పాత అడాప్టర్లు 9 వోల్టులని రాసి ఉండి కూడా, పరికరం తగిలించనప్పుడు 12 నుంచి 14 వరకు చూపవచ్చు. మీటరు చెడిపోలేదు, ఆ అడాప్టర్ల స్వభావమే అది. వాటిని నేటి సున్నితమైన పరికరాలకు వాడకపోవడమే మేలు. మధ్యలో సన్నని సూది ఉండే ల్యాప్‌టాప్ పిన్నులను మాత్రం ఇలా పొడిచి చూడకండి. చార్జర్ ఏ రకమో ల్యాప్‌టాప్‌కు తెలిపే సంకేతం ఆ సూది ద్వారా వెళుతుంది, వంగితే చార్జింగు ఆగిపోతుంది.

యూఎస్‌బీ చార్జర్ల సంగతి

ఫోన్ చార్జర్ల విషయంలో భయం చాలావరకు తగ్గించుకోవచ్చు. టైప్ సీ చార్జర్ ప్రమాణాల ప్రకారం తయారైనదైతే మొదట 5 వోల్టులే ఇస్తుంది. ఫోన్ గానీ ల్యాప్‌టాప్ గానీ అడిగితేనే 9, 15, 20 వోల్టులకు పెరుగుతుంది. కాబట్టి 65 వాట్ల చార్జర్‌కు చిన్న ఇయర్‌ఫోన్ డబ్బా తగిలించినా ఏమీ కాదు. హాస్టల్ గదుల్లో ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద నలుగురి చార్జర్లు కలిసిపోయే విద్యార్థులకు ఇది ఊరట కలిగించే విషయం. అయితే యూఎస్‌బీ ఆకారంలో రంధ్రం ఉండి, ఏమీ అడగకుండానే నేరుగా 9 లేదా 12 వోల్టులు ఇచ్చే నాసిరకం అడాప్టర్లు కొన్ని దీపాలతో, మసాజ్ యంత్రాలతో వస్తున్నాయి. వాటికి ఫోన్ తగిలిస్తే ఫోన్ పోతుంది. పవర్‌బ్యాంకుతో రూటర్ నడపడానికి అమ్మే కేబుళ్లు కూడా 5 వోల్టులను 9 లేదా 12కు పెంచేవి. వాటి గుండ్రటి పిన్నును 5 వోల్టుల పరికరంలో పెట్టకండి.

అమెరికా నుంచి వచ్చిన వస్తువులు

అమెరికాలో స్థిరపడిన పిల్లలున్న ఇళ్లు విజయవాడ, గుంటూరు రెండింటిలోనూ చాలా ఉన్నాయి కాబట్టి ఈ విషయం విడిగా చెప్పాలి. అక్కడ ఇంటి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వాళ్లు పంపిన వస్తువు మీద ఇన్‌పుట్ వరుసలో 100 నుంచి 240 వోల్టులని ఉంటే, ప్లగ్గు ఆకారం మార్చే చిన్న ముక్క తగిలించి వాడుకోవచ్చు. ల్యాప్‌టాప్, ఫోన్, కెమెరా చార్జర్లు దాదాపు అన్నీ ఈ రకమే. ఒక్క 120 అంకె మాత్రమే ఉంటే నేరుగా పెట్టకూడదు. ప్లగ్గు మార్చే ముక్క వోల్టులను తగ్గించదు. అది పిన్నుల ఆకారాన్ని మాత్రమే మారుస్తుంది. 120 వోల్టుల హీటింగ్ పరికరం 230 వోల్టుల మీద ఇంచుమించు మూడున్నర రెట్లకు పైగా శక్తి లాగుతుంది, అందుకే హెయిర్ డ్రయ్యర్ లాంటివి నిమిషంలో మాడిపోతాయి. వోల్టులు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కొనవచ్చు గానీ, 1875 వాట్ల డ్రయ్యర్‌కు 2000 వాట్లకు మించిన ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ఆ ఖర్చుతో ఇక్కడే కొత్త డ్రయ్యర్ కొనుక్కోవడం తెలివైన పని.

కొత్తది కొనేటప్పుడు

దుకాణానికి పరికరాన్నో, కనీసం దాని చీటీ ఫొటోనో తీసుకువెళ్లండి. రూటర్ అడాప్టర్ కావాలని అడిగితే దుకాణదారు తన దగ్గర ఉన్నది ఇస్తాడు. రూటర్లు మాత్రం 5, 9, 12 వోల్టులు మూడింటిలోనూ ఉన్నాయి. అడాప్టర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య ఉన్నాయేమో చూడండి. ఆ సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్తే ఎవరి పేరున నమోదైందో తెలుస్తుంది, ఆ పేరు చీటీ మీది పేరుతో కలవాలి. బీపీ యంత్రం, నెబ్యులైజర్ వంటి వైద్య పరికరాలకు తయారీదారు సూచించిన అడాప్టరే తీసుకోండి. బీపీ యంత్రాలు చాలావరకు 6 వోల్టులతో పనిచేస్తాయి, రూటర్ అడాప్టర్ 12 వోల్టులు పొరపాటున పెడితే ఇచ్చేది రెట్టింపు. అవసరమైనప్పుడు యంత్రం లేకపోవడం కంటే, అప్పటికి అందులో నాలుగు సెల్లులు వేసుకుని వాడుకోవడం ఎంతో మేలు.

ఇంటికి తెచ్చాక మొదటి పావుగంట దగ్గర ఉండి చూడండి. అడాప్టర్ గోరువెచ్చగా ఉండటం సహజం. చెయ్యి ఆనించలేనంత వేడి, గుయ్‌మనే శబ్దం, ప్లాస్టిక్ వాసన వస్తే వెంటనే తీసేయండి.

ఈ రోజే చేయగల పని

ఇంట్లోని అడాప్టర్లన్నిటినీ ఒక చోట చేర్చి, కాగితపు టేపు అంటించి, చెరగని పెన్నుతో పరికరం పేరు, వోల్టులు, ఆంపియర్లు రాయండి. పరికరం వైపు కూడా జాక్ పక్కన వోల్టులు రాసిపెట్టండి. ఊరినుంచి వచ్చిన అమ్మమ్మగారైనా, ఇంటర్నెట్ బాగుచేయడానికి వచ్చిన కుర్రాడైనా తడుముకోకుండా సరైనది తీస్తారు. పరికరం పోయి ఒంటరిగా మిగిలిన అడాప్టర్లను విడిగా డబ్బాలో వేయండి. 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు వరద చొచ్చుకువచ్చిన ఇళ్లలో నీట మునిగిన అడాప్టర్లు ఇంకా మిగిలి ఉంటే, పైకి ఆరిపోయి కనిపించినా, పనిచేస్తున్నా వాడకండి. లోపల చేరిన బురద, తుప్పు వల్ల గోడ కరెంటు నేరుగా పరికరం వైపు వచ్చే ప్రమాదం ఉంది. వాటిని చెత్తబుట్టలో కాక ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి.

తప్పు అడాప్టర్ పెట్టడం జరిగిపోతే

పరికరం నుంచి పిన్ను లాగే కంటే ముందు గోడ స్విచ్చి ఆపండి. సరైన అడాప్టర్ పెట్టి వెంటనే పరీక్షించాలన్న తొందర వద్దు. కాలిన వాసన ఉంటే అసలే వద్దు. లోపల సగం దెబ్బతిన్న భాగం రెండోసారి కరెంటు ఇవ్వడంతో పూర్తిగా పోయి, పక్కవాటిని కూడా చెడగొడుతుంది. బ్యాటరీ ఉన్న పరికరమైతే అది ఉబ్బిందేమో చూడండి, ఉబ్బితే చార్జి చేయకుండా ఇంట్లోని మండే వస్తువులకు దూరంగా పెట్టండి. అడాప్టర్‌ను మాత్రం మీరు విప్పకండి, ఎందుకంటే ప్లగ్గు తీసేసిన తరువాత కూడా దాని లోపలి కెపాసిటర్‌లో 325 వోల్టుల దాకా నిలిచి ఉండవచ్చు.

వాసన, ఉబ్బు ఏవీ లేకపోతే గంటసేపు ఆగి, సరైన అడాప్టర్‌తో ఒక్కసారి చూడవచ్చు. పలకకపోతే రిపేరుకు తీసుకువెళ్లండి. చాలాసార్లు పోయేది ఫ్యూజో, రక్షణ డయోడో మాత్రమే, దాన్ని మార్చడానికి అయ్యే ఖర్చు కొత్త పరికరం ధరలో చిన్న భాగం. కుటుంబ ఫొటోలున్న బయటి హార్డ్‌డిస్కుకు 12 వోల్టుల బదులు 19 వోల్టులు తగిలించిన సందర్భంలో ఈ మాట మరీ ముఖ్యం: డిస్కు బోర్డు మీద ఇలాంటి అధిక వోల్టేజిని తన మీద వేసుకుని షార్టయ్యే చిన్న డయోడు తరచుగా ఉంటుంది, అది పోయినా లోపలి సమాచారం పదిలంగా ఉండే అవకాశం ఎక్కువ. ఆ డిస్కును పారేయకండి, మళ్లీ మళ్లీ కరెంటు ఇచ్చి చూడకండి. రిపేరు చేసే మనిషికి ఏ అడాప్టర్ పెట్టారో, దాని మీద ఎన్ని వోల్టులు రాసి ఉన్నాయో దాచకుండా చెప్పి, వీలైతే ఆ అడాప్టర్‌నే వెంట తీసుకువెళ్లి చూపించండి. బోర్డు మీద ఎక్కడ వెతకాలో అతనికి దాన్ని బట్టే తెలుస్తుంది.